ఉద్యోగం మానేసి కుక్కల ఆశ్రమం పెట్టనా?

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 36, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త బ్యాంకులో పనిచేస్తారు. తొమ్మిదేళ్ల పాప ఉంది, అత్తగారు వీళ్లతోనే ఉంటారు. 2020 లాక్‌డౌన్‌లో హోటళ్లు మూతబడి వీధికుక్కలు ఆకలితో తిరుగుతుంటే, రోజూ సాయంత్రం గేటు బయట నూకలన్నం పెట్టడంతో ఇదంతా మొదలైందట. ఇప్పుడు ప్రహరీ లోపల 19 కుక్కలు, మేడమీద గదిలో 5 పిల్లులు ఉన్నాయి. ఈ నెలలో ఎవరో అట్టపెట్టెలో పెట్టి గేటు ముందు వదిలేసిన 6 కూనలు వీటికి అదనం. జీతం 24 వేలైతే 18 వేలు తిండికీ మందులకీ పోతున్నాయి. గాజులు తాకట్టులో ఉన్నాయి. పక్కింటివాళ్లు మున్సిపాలిటీలో ఫిర్యాదు పెట్టారు. "ఇంకొక్క కుక్క గేటు దాటి లోపలికొస్తే అమ్మని తీసుకుని వేరే ఇల్లు చూసుకుంటా" అని భర్త చెప్పేశారు.

కృష్ణ ఒడ్డున లంక గ్రామంలో ఉన్న 40 సెంట్లు వాడుకోమని ఈవిడ తండ్రి అన్నారు. కాగితం లేదు, నోటిమాటే. తమ్ముడు ఇంతవరకు ఏమీ మాట్లాడలేదు. డాలస్‌లో ఉన్న పెదనాన్నగారబ్బాయి నెలకు 500 డాలర్లు పంపుతానన్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో జంతువుల పేజీ నడిపే స్నేహితురాలు "నువ్వు కుక్కల్ని చూసుకో, ప్రచారం నేను చూసుకుంటా" అంటోంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, సంస్థ రిజిస్టర్ చేయించి, ఇంట్లోవాటితోపాటు వీధిలో తాను అన్నం పెట్టే మరో పన్నెండింటినీ ఆ స్థలానికి మార్చేసి, అక్కడి నుంచి దత్తతకు ఇవ్వాలని ఆలోచన. "ఇలా చేయనా? ఇంట్లో అందరూ అంటున్నట్టు నాది పిచ్చేనా?" అని అడిగారు.

*

అమ్మా, అన్నిటికంటే ముందు మీ ఐదో పేజీలోని ఒక్క వాక్యం గురించి. పెట్టెలో వచ్చిన కూన పాప చేతిని గీరిందనీ, కాస్త రక్తం వచ్చిందనీ, "చిన్నపిల్లే కదా" అని మందు రాసి ఊరుకున్నామనీ రాశారు. ఈ సమాధానంలో మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి. తల్లి ఎవరో తెలియని కూన అది. రక్తం వచ్చిన గీతను వైద్యులు తీవ్రమైన కేటగిరీ కిందే లెక్కిస్తారు. యాంటీ రేబీస్ టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. రోజులు గడిచిపోయాయి కదా అని వెనకాడొద్దు. ఇకముందు ఏ గాటైనా, ఏ గీతైనా వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడగాలి. ఇన్ని జంతువుల మధ్య బతుకుతున్నారు కాబట్టి మీరూ, మీవారూ, అన్నం గిన్నెలు కడిగే పనిమనిషీ ముందుజాగ్రత్త టీకాలు వేయించుకోండి. మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు, మూడు డోసులు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం.

ఇక మీ ప్రశ్న. మీరు అడిగింది స్థలం గురించి, రిజిస్ట్రేషన్ గురించి, ఉద్యోగం గురించి. నాకు మాత్రం మీ ఉత్తరంలో అసలు చిక్కు వేరే చోట కనిపించింది. పద్నాలుగు నెలల క్రితం ఒక గోధుమరంగు ఆడకూనను కిరాణా వ్యాపారికి ఇచ్చారు. రెండు నెలలకు చూడబోతే గోడౌన్‌లో రెండడుగుల గొలుసుకు కట్టేసి ఉంది. వెనక్కి తెచ్చుకున్నారు. "ఆ రోజు నుంచి ఎవరడిగినా మనసొప్పడం లేదు" అని రాశారు. ఆ తర్వాత మీ ఇంటి నుంచి ఒక్క జంతువూ దత్తతకు వెళ్లలేదు. లోపలికి మాత్రం పదకొండు వచ్చాయి.

కాలువ ఉండి తూము లేని చెరువు కట్ట తెంచుకుంటుంది. ఆ చెరువును పాతిక కిలోమీటర్ల అవతల 40 సెంట్లలో తవ్వినా అంతే, కాకపోతే తెగడానికి ఇంకాస్త సమయం పడుతుంది. దత్తత సంస్థకు స్థలం ఎంత ఉందన్నది రెండో ప్రశ్న. నెలకు ఎన్ని బయటికి వెళ్తున్నాయన్నదే మొదటి ప్రశ్న. ప్రస్తుతానికి మీ జవాబు సున్నా.

గోధుమరంగు కూన సంగతిని మీరు మీ ఓటమి కింద రాసుకున్నారు. నేను అలా చదవలేదు. ఇచ్చి ఊరుకోకుండా వెళ్లి చూశారు, తప్పు కనిపిస్తే వెనక్కి తెచ్చారు. దత్తత ఇచ్చేవాళ్లు చేయాల్సిన పని సరిగ్గా ఇదే. తప్పిపోయింది ఇచ్చేముందు చేయాల్సిన విచారణ. ఆయన ఇంటికి వెళ్లి చూశారా? కుక్క కావాలన్నది ఇంట్లో మనుషులకా, గోడౌన్ కాపలాకా అని అడిగారా? రాయలేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నా.

అడగాల్సినవి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం. ఇంట్లో అందరూ ఒక్కచోట కూర్చున్నప్పుడు మీరు వెళ్లి మాట్లాడటం. పిల్లాడి పుట్టినరోజు ముచ్చటకు అడిగేవాళ్లకు ఇవ్వకపోవడమే మంచిది. పగలంతా ఇంట్లో ఎవరుంటారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది? ఈ మూడో ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబులోనే సగం తెలిసిపోతుంది. కూనకు ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి, తోబుట్టువుల నుంచి వేరుచేసి ఇవ్వొద్దు. ఇచ్చాక మూడో రోజున, మూడో వారంలో, మూడో నెలలో పలకరించాలి. "వద్దనుకుంటే నాకే తిరిగి ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు" అన్న వాక్యం ఒప్పంద పత్రంలో ఉండాలి. మన దగ్గర అందరూ అడిగేది "మగపిల్ల ఉందా?" అనే. ఆడవి మిగిలిపోతాయి. పెద్దవైతే ఆపరేషన్ చేయించి ఇవ్వండి. కూనలైతే వయసు రాగానే మీ ఖర్చుతో చేయిస్తానని రాసివ్వండి. "మళ్లీ పిల్లల్ని పెడుతుంది" అన్న సాకు అక్కడితో పోతుంది. జనం పెంచుకుని విసిగి వదిలేసిన లాబ్రడార్, పగ్ లాంటివి దొరికితే మాత్రం ఆపరేషన్ కాకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి. పిల్లల్ని పెట్టించి అమ్ముకునేవాళ్లు దత్తత పేరుతోనే వస్తారు.

ఇన్ని చేసినా నూటికి నూరూ కుదరవు. కొన్ని తిరిగొస్తాయి. దానికి మీ మనసు సిద్ధపడుతుందా లేదా అన్నదాన్ని బట్టే మీ ముందున్న దారులు మారతాయి.

మనసొప్పదు అనుకుంటే అందులో తప్పేమీ లేదు, కానీ అప్పుడు మీరు పెట్టబోయేది దత్తత సంస్థ కాదు, ఆశ్రయం. ఉన్నవాటిని చివరిదాకా సాకడం. అదీ గౌరవమైన పనే. దానికి ఒక అంకె వేసుకోవాలి, ఆ అంకె దాటితే ఎంత జాలేసినా వద్దనాలి. బాగా చూసుకుంటే ఊరకుక్కలు పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతాయి. ఇప్పుడున్న వాటిలో చిన్నది వెళ్లిపోయేసరికి మీకు యాభై వస్తాయి. అన్నేళ్లూ ఊరెళ్లాలన్నా, పాప చదువు కోసం ఇల్లు మారాలన్నా వీటిని లెక్కలో పెట్టుకునే కదలాలి. విరాళాలిచ్చేవాళ్లు కొత్తగా కాపాడిన కుక్క ఫొటోకు ఇచ్చినట్టు, పదేళ్లుగా మీ దగ్గరే ఉన్న ముసలి కుక్కకు ఇవ్వరు.

రెండో దారి స్థలం లేకుండానే దత్తతలు చేయడం. తెనాలిలో, గుంటూరులో నాలుగైదు ఇళ్లవాళ్లు ఒక్కో కూనను నెలా రెండు నెలలు ఉంచుకుంటారు. తిండి, మందులు మీవి, చోటు వాళ్లది. ఇల్లు దొరకగానే పంపిస్తారు. రోగాల దృష్టితో చూస్తే దీనికి మించింది లేదు. కూనల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు పూర్తికాని కూనల్ని ఒకచోట చేర్చితే ఒకదానికి వచ్చింది అన్నిటికీ వస్తుంది. ఆరెనిమిది వారాల వయసులో మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. ఈ దారిలో మీ ఉద్యోగం ఉంటుంది, ఇల్లూ ఖాళీ అవుతుంది. ఇబ్బందల్లా మనుషులతోనే. "రేపు ఊరెళ్తున్నాం, వచ్చి తీసుకెళ్లండి" అని రాత్రి పదింటికి ఫోన్ చేసేవాళ్లుంటారు. ఉంచుకున్న కూన మీద ప్రేమ పుట్టి పంపించనివాళ్లూ ఉంటారు. దాని గురించి మీకు నేను చెప్పాలా?

మూడోది, కొత్తగా ఏదీ ఇంటికి తేకుండా వీధిలోవాటికి ఆపరేషన్లు, టీకాలు జరిగేలా చూడటం. కుక్క గర్భం తొమ్మిది వారాలే, ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. అట్టపెట్టెల రాక తగ్గాలంటే పని అక్కడే జరగాలి. చెన్నైలో 1959లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, 1964 నాటికే వీధికుక్కలకు ఆపరేషన్ చేసి వదిలే పద్ధతి చేపట్టింది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు పొందిన సంస్థలే మున్సిపాలిటీ తరఫున ఈ ఆపరేషన్లు చేయాలి. కాబట్టి మీరు సొంతంగా చేయలేరు. చేస్తున్నవాళ్లకు మీ వీధుల్లో ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో చూపించొచ్చు, మచ్చికైనవాటిని పట్టివ్వొచ్చు, తిరిగొచ్చాక కుట్లు చూడొచ్చు. ఒళ్లో పెట్టుకుని పాలు పట్టే తృప్తి ఇందులో ఉండదు. ఆఫీసుల చుట్టూ తిరగడం మాత్రం బోలెడు.

ఇక మీరనుకున్నదే, పూర్తిస్థాయి షెల్టర్. వద్దనను. కానీ మీ ఉత్తరంలో ఉన్న రూపంలో అది నిలబడదు, ఎందుకో చెప్తాను.

లంక భూమి సంగతి మొదట చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలినప్పుడు మీ నాన్నగారి పొలంలో ఎంత లోతు నిలిచిందో ఆయన్నే అడగండి. రేపు షెల్టర్ పెరిగి తాళం వేసిన గదుల్లో అరవై కుక్కలున్నప్పుడు రాత్రికి రాత్రి నీళ్లొస్తే ఎవరు తలుపులు తీస్తారు, ఎక్కడికి తీసుకెళ్తారు? మీరుండేది తెనాలిలో, బండి మీద ముప్పావుగంట దూరమని మీరే రాశారు. మెరక చేయించి, సిమెంటు గచ్చు వేయించి, షెడ్లు కట్టాక "ఇందులో నా వాటా ఉంది కదక్కా" అని తమ్ముడు అంటే ఏం చేస్తారు? అతను చెడ్డవాడని కాదు. రేపు అతనికి పెళ్లయి, పిల్లలుంటారు. సంస్థ పేర రిజిస్టర్ అయిన దీర్ఘకాలపు లీజు కాగితం లేకుండా ఒక్క ఇటుక కూడా పెట్టకండి. పంచాయతీ అనుమతి, నీళ్లు, చుట్టుపక్కల రైతుల మాట, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

లెక్కల టీచరుకు లెక్కలు చెప్పడం బాగోదు కానీ చెప్పాలి. కొత్త కూనల్ని తీసేసినా ఇప్పుడు జంతువుకు నెలకు 750 రూపాయలవుతోంది. అరవైకి 45 వేలు. డాలస్ అన్నయ్య పంపే డబ్బు దాదాపు ఇంతే. రాత్రీ పగలూ ఉండే మనిషి జీతం, కరెంటు, డాక్టరు ఫీజు, వ్యాను బాడుగ ఎక్కడి నుంచి వస్తాయి? ఇప్పుడు ఆదుకుంటున్న మీ 24 వేలు కూడా ఆగిపోతాయి కదా.

అన్నయ్య డబ్బులో ఇంకో మెలిక. ఆయనది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, బ్యాంకు ద్వారా తన సొంత సంపాదన నుంచి పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకునుంటే మాత్రం మన రక్తమే అయినా విదేశీ విరాళమే, సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేనిదే పైసా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్లు పనిచేసి, కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ముందు నా ఖాతాలో వేయించుకుని తర్వాత సంస్థకు మళ్లిస్తానని రాశారు, ఆ పని అస్సలు చేయొద్దు.

రిజిస్ట్రేషన్ మీరు భయపడుతున్నంత కష్టం కాదు. 2001 నాటి చట్టం కింద సొసైటీ అయితే ఏడుగురు కావాలి. ట్రస్టు డీడ్ అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తక్కువమందితో అయిపోతుంది. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీకి ఇద్దరు చాలు కానీ ఏటా లెక్కలు, ఆడిట్లు, దాఖలాల పని ఎక్కువ. దాతలకు పన్ను మినహాయింపు రావాలంటే అందరూ ఆదాయపు పన్ను శాఖ దగ్గర రిజిస్ట్రేషన్లు విడిగా చేయించాలి. ఒక్క పూట ఆడిటర్ దగ్గర కూర్చుంటే తేలిపోయే విషయాలివి. దీనికంటే ముందు తేల్చుకోవాల్సింది మీ స్నేహితురాలి సంగతి. ప్రచారం ఆవిడది, కుక్కలు మీవి అన్నారు. అంటే ఫలానాచోట కుక్క దెబ్బతిందని మెసేజ్ వస్తే "మేం తీసుకుంటాం" అని జవాబిచ్చేది ఆవిడ, తీసుకోవాల్సింది మీరు. డబ్బు అడిగేటప్పుడు ఎవరి ఫోన్‌పే నంబరు పెడుతున్నారు? ఏ జంతువును తీసుకోవాలో నిర్ణయించే హక్కూ, బ్యాంకు ఖాతా మీద రెండు సంతకాలూ కాగితం మీద రాసుకోకుండా స్నేహితులు కలిసి సంస్థ పెడితే, చివరికి సంస్థా మిగలదు, స్నేహమూ మిగలదు.

వీధిలోని పన్నెండింటినీ లంకకు మార్చడం కుదరదు. అవే 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కను పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబీస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మినహాయించి ఇదే చెప్పింది, అన్నం పెట్టేందుకు వేరే చోట్లు గుర్తించమంది. అదే ఏడాది నవంబరు 7న మాత్రం స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల లాంటి చోట్ల నుంచి కుక్కల్ని తీసి షెల్టర్లకు తరలించాలనీ, తిరిగి అక్కడ వదలొద్దనీ ఆదేశించింది. ఇది మీకు ఎందుకు ముఖ్యమంటే, మీరు షెల్టర్ అని బోర్డు పెట్టిన మర్నాడు మున్సిపాలిటీవాళ్లు "ఈ నలభై మీరే ఉంచుకోండి" అని రావొచ్చు. డబ్బిస్తామంటారు, ఎప్పుడిస్తారో తెలీదు. ఎన్నిటిని తీసుకోవాలన్నది ఇక మీ చేతిలో ఉండదు. మీ వీధిలో ఒక ఇబ్బంది మాత్రం తేలిగ్గా తీరుతుంది: గేటు ముందు కాకుండా జనం నడవని చోట, పిల్లలు స్కూలుకెళ్లని వేళలో అన్నం పెట్టండి. పక్కింటివాళ్ల భయాన్ని జంతుద్వేషమని రాశారు. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయిన వీడియో చూసిన తల్లిదండ్రులకు ఆ భయం పోలేదు. మీ 19 కుక్కలకు వేయించిన టీకాల కార్డులు తీసుకెళ్లి వాళ్లకు చూపించండి.

గేటు ముందు పెట్టెలు వదిలేవాళ్ల మీద కేసు పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చు. పెంపుడు జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. మొదటిసారి పడే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అచ్చుతప్పు కాదు, అంతే. కాబట్టి కేసు కంటే కెమెరా, దాని కింద ఒక బోర్డు ఎక్కువ పనిచేస్తాయి.

మీవారి గురించి మీరు మూడు పేజీలు రాశారు, చాలావరకు కోపంతోనే. అయితే ఆ కోపం మధ్యలోనే, డిస్టెంపర్ వచ్చిన కుక్కను అర్ధరాత్రి వానలో గుంటూరుకు కారులో తీసుకెళ్లింది ఆయనేనని కూడా రాశారు. కుక్కలంటే పడని మనిషి చేసే పని కాదది. ఆయన విసిగింది కుక్కలతో కాదనీ, దీనికి అంతు కనపడకపోవడంతోననీ నా అనుమానం. ఈసారి ఆయన్ని అనుమతి అడగకండి, ఒక కాగితం చూపించండి: ఇంట్లో ఎన్ని ఉంటాయి, ఏ నెలకల్లా ఎన్ని వెళ్తాయి, నెలకు ఇంతకుమించి ఖర్చు పెట్టను, గాజులు ఎప్పుడు విడిపిస్తాను. ఆయన నమ్మకపోవచ్చు. మొదటి రెండు నెలలు నమ్మరనే అనుకోండి. అయినా ఆ కాగితం ఆయనకంటే మీకే ఎక్కువ అవసరం. పిచ్చా అని అడిగారు. ఆరేళ్లుగా రోజూ అన్నం వండిపెట్టడం పిచ్చి కాదు. పాప స్కూలు టూరు డబ్బులు కూడా మందులకు వాడానని రాశారు చూడండి, అక్కడ మాత్రం ఆగి ఆలోచించుకోవాలి.

నన్నడిగితే, వచ్చే దసరా సెలవుల్లో వారం రోజులు హైదరాబాద్‌లో అమల అక్కినేని గారు 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్‌లోనో, విశాఖలోని జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏలోనో, మరింకెక్కడైనా పెద్ద షెల్టర్‌లోనో పనికి ఒప్పుకుంటారేమో అడగండి. ఫొటోలు తీసుకోవడానికి కాదు, గచ్చులు కడగడానికి. ఎవరిని లోపలికి తీసుకుంటున్నారు, ఎవరిని వెనక్కి పంపుతున్నారు, ఆ మాట ఎలా చెప్తున్నారు అన్నది పక్కన నిలబడి వినండి.

రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. మీ స్కూలుకు ఏప్రిల్ దాకా ఎలాగూ టీచరు దొరకరు, మీకూ ఆ జీతం కావాలి. ఈలోపు ఆ ఆరు కూనలున్నాయి కదా, వాటికి టీకాలు వేయించి, ఇందాక రాసిన ప్రశ్నలన్నీ అడిగి, ఇళ్లకు పంపడానికి చూడండి. నాలుగు వెళ్లి, మూడో నెలలో మీరు వెళ్లి చూసినప్పుడు కూడా అవి ఆ ఇళ్లలోనే ఉంటే, లీజు గురించీ ట్రస్టు డీడ్ గురించీ అడుగుతూ మళ్లీ రాయండి. ఒక్కటీ వెళ్లకపోతే, లేదా మీకే పంపబుద్ధి కాకపోతే, అప్పుడూ రాయండి. ఆశ్రయానికి ఏ అంకె పెట్టుకోవాలో మాట్లాడుకుందాం.